ఫైలు పేరు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో ఎవరూ చెప్పరు

ఒడిశాలోని బరంపురంలో తెలుగు విద్యార్థులు, నెట్ సెంటర్ల వాళ్లు, కొత్తగా ప్రోగ్రామింగ్‌లోకి వచ్చినవాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు.

వెనక వరసలో వినిపిస్తోందా? ఆ మూల ఫ్యాను కాసేపు ఆపండి బాబూ, చెమట పట్టినా పర్లేదు, మైకులో గాలి తప్ప ఇంకేం వెళ్లట్లేదు. ఆఁ, ఇప్పుడు సరే.

ఇవాళ మాట్లాడబోయేది చూడ్డానికి చాలా చిన్న విషయం. ఫామ్‌లో ఫైలు అప్‌లోడ్ చేస్తాం కదా, ఆధార్ కాపీయో మార్కుల లిస్టో, అప్పుడు ఫైలుతో పాటు దాని పేరు కూడా వెళ్తుంది. ఒక్క లైను. ఆ ఒక్క లైను ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలని బైట్లుగా మార్చే ఏ పద్ధతిలో, ఉందన్నదాని మీద 1995 నుంచి పంచాయితీ నడుస్తూనే ఉంది. ఫైళ్లకి ఇంగ్లీషు పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇలాంటి పంచాయితీ ఒకటి ఉందనే తెలీదు. మనకి తెలియక తప్పదు, ఎందుకంటే మన ఊళ్లో ఏ నెట్ సెంటర్ కంప్యూటర్ తెరిచినా డెస్క్‌టాప్ మీద ఒక ఫైలు పేరు తెలుగులో ఉంటుంది, పక్కది ఒరియాలో, ఇంకోటి హిందీలో. ఇచ్ఛాపురం నుంచి వచ్చినాయన కుల ధ్రువీకరణ పత్రాన్ని ఫోన్‌లో తెలుగు పేరుతో సేవ్ చేసుకుని వస్తాడు, గేట్ బజార్ కుర్రాడు రేషన్ కార్డుకి ఒరియాలో పేరు పెట్టి పెన్‌డ్రైవ్‌లో తెస్తాడు, రెండూ ఎక్కించాల్సింది ఒకే పోర్టల్‌కి. ఎక్కించాక అవతల ఏం కనిపిస్తుందో ఇక్కడున్న సగం మందికి తెలుసు.

దీనికి అందరూ పెట్టే పేరు "ఫాంట్ ప్రాబ్లం". ఫాంట్ ఇన్‌స్టాల్ చేసుకోండి, పోతుంది అంటారు. పోదు. ఫాంట్ లేకపోతే వచ్చేవి ఖాళీ డబ్బాలు. డబ్బాలు కనిపిస్తే నిజానికి సంతోషించాలి, డేటా క్షేమంగా ఉంది, చూపించే కంప్యూటర్‌లో ఆ అక్షరాల బొమ్మలు లేవంతే. వరసగా ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం పనైపోయినట్టే. దారిలో ఎవరో తెలుగుని ఆస్కీలోకి, అంటే ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పట్టే పాత పద్ధతిలోకి, కుక్కబోయి, పట్టనిదాన్నల్లా ప్రశ్నార్థకం చేసేశారు, అది తిరిగి రాదు. నల్ల వజ్రంలో తెల్ల ప్రశ్నార్థకం కనిపిస్తే, చదివినవాడు యూటీఎఫ్-8, అంటే అన్ని భాషలూ పట్టే ఇప్పటి పద్ధతి, అనుకుని చదివాడు, తీరా బైట్లు అలా లేవు. ఇక మనకి రోజూ కనిపించేది ఇంకోటుంది: నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మధ్యలో ఏదో చెత్త, మళ్లీ ఆ ఏ, మళ్లీ డిగ్రీ. అది ఫాంటూ కాదు, వైరసూ కాదు. యూటీఎఫ్-8 బైట్లని లాటిన్-1, అంటే పశ్చిమ యూరప్ భాషల పాత పద్ధతి, అనుకుని చదివారు.

ఈ చివరిదాని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. యూనికోడ్ అంటే ప్రపంచ లిపులన్నిటికీ నంబర్లిచ్చే పట్టిక, అందులో తెలుగుకి ఇచ్చిన చోటు హెక్స్‌లో, అంటే పదహారుల లెక్కలో, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. యూటీఎఫ్-8లో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. క అంటే ఈ0, బీ0, 95. మొదటి బైటు ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ. లాటిన్-1లో ఈ0 అంటే ఆ వాలుగీత ఏ, బీ0 అంటే డిగ్రీ గుర్తు, బీ1 అంటే ప్లస్-మైనస్ గుర్తు. ఒరియా మొదలయ్యేది 0బీ00 దగ్గర, కాబట్టి మొదటి బైటు అదే ఈ0, రెండోది ఏసీ లేదా ఏడీ. ఏసీ అంటే కొస కిందికి వంచిన అడ్డగీత, ఏడీ కంటికే కనపడదు. హిందీకీ మరాఠీకీ రెండో బైటు ఏ4 లేదా ఏ5, ఏ5 అంటే జపాన్ వాళ్ల యెన్ గుర్తు. అంటే ఏంటి? ఆ చెత్తని చూసి కూడా అసలు పేరు ఏ భాషదో చెప్పేయొచ్చు. డిగ్రీ గుర్తులు బారులు తీరితే తెలుగు, యెన్‌లు కనిపిస్తే దేవనాగరి, వంగిన గీతలైతే ఒరియా. అభ్యర్థి ఎవరో కనుక్కోడానికి ఇదే చాలా సార్లు పనికొస్తుంది.

సరే, అసలు ఇలా ఎందుకు అవుతుంది? దానికి ఆ అప్‌లోడ్ రిక్వెస్ట్ లోపలికి వెళ్లి చూడాలి. స్లైడు మీదున్నది చదువుతున్నా. పైన హెచ్‌టీటీపీ హెడర్లు, అంటే బ్రౌజర్ సర్వర్‌కి ముందుగా చెప్పే వివరాల లైన్లు. అందులో ఒకటి కంటెంట్-టైప్, దాని విలువ మల్టీపార్ట్ స్లాష్ ఫామ్-డేటా, తర్వాత బౌండరీ అని, ముక్కల మధ్య హద్దుగా ఒక గుర్తు. క్రోమ్ అయితే నాలుగు గీతలు గీసి, వెబ్‌కిట్‌ఫామ్‌బౌండరీ అని రాసి, వెనకాల అడ్డదిడ్డంగా పదహారు అక్షరాలు తగిలిస్తుంది. 70 అక్షరాలు మించనంతవరకు ఎవరిష్టం వాళ్లది. దాని తర్వాత ఖాళీ లైను. ఆ ఖాళీ లైను కింద ఉన్నదంతా హెచ్‌టీటీపీ లెక్కలో బాడీ, లోపల ఏముందో దానికి అక్కర్లేదు. కానీ ఆ బాడీలో మళ్లీ ముక్కలు, ముక్కముక్కకీ సొంత హెడర్లు. ఇదిగో ఈ లైను:

కంటెంట్-డిస్పొజిషన్: ఫామ్-డేటా; నేమ్="పత్రం"; ఫైల్‌నేమ్="బరంపురం.పీడీఎఫ్"

హెడర్‌లాగే ఉంది. కానీ ఇది ఉన్నది బాడీలో. హెచ్‌టీటీపీ హెడర్ల నియమాలు దీనికి వర్తించవు. పుట్టింది ఈమెయిల్ ఇంట్లో, మైమ్ అనే ఈమెయిల్ ముక్కల పద్ధతిలో, కానీ ఇప్పుడు ఉంటున్నది వెబ్‌లో, కాబట్టి ఈమెయిల్ నియమాలూ పూర్తిగా వర్తించవు. ఫైలు లోపల ఉన్న సరుకుకి కంటెంట్-టైప్ అని ఇంకో లైను ఉంది, అది సరుకు గురించే చెప్తుంది. పేరు ఏ ఎన్‌కోడింగ్‌లో రాశారో చెప్పడానికి ఈ లైనులో చోటే లేదు. ఇచ్ఛాపురంలో బస్సు మీద వేసిన పార్సిల్‌కి చీటీ అంటించినట్టు. రాసినవాడు ఏ లిపిలో రాశాడో చీటీ మీద ఉండదు, ఇక్కడ దించుకునేవాడు చదువుకోవాలి.

కొంచెం చరిత్ర. తొందరగా చెప్పేస్తా. 1995 నవంబరులో జిరాక్స్ కంపెనీలో పనిచేసే ఎర్నెస్టో నెబెల్, లారీ మసింటర్ అనే ఇద్దరు ఆర్‌ఎఫ్‌సీ 1867, అంటే ఇంటర్నెట్ నియమాల పత్రాల్లో 1867వది, రాశారు. హెచ్‌టీఎంఎల్ ఫామ్‌లోంచి ఫైలు పంపొచ్చు అన్న ఆలోచన కాగితం మీదికి వచ్చింది అందులోనే. అప్పటి ఈమెయిల్ ప్రపంచంలో హెడర్ అంటే ఏడు బిట్ల ఆస్కీ. వేరే భాష రాయాలంటే దాన్ని ఆస్కీ వేషం కట్టించి పంపాలి. 1996లో ఆర్‌ఎఫ్‌సీ 2047 ఒక వేషం ఇచ్చింది: సమం గుర్తు, ప్రశ్నార్థకం, ఎన్‌కోడింగ్ పేరు, బీ అనే అక్షరం, ఆపైన బేస్64లో, అంటే బైట్లని ఆస్కీ అక్షరాలుగా రాసే పద్ధతిలో, అసలు మాట. 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2231 ఇంకో వేషం ఇచ్చింది: ఫైల్‌నేమ్ పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టి, యూటీఎఫ్-8 అని రాసి, రెండు ఒంటి కొట్‌లు పెట్టి, ఆ తర్వాత బైటుకో పర్సెంట్ గుర్తు. 1998 ఆగస్టులో మసింటరే రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2388, ఫైలు పేరు ఆస్కీలో పట్టకపోతే ఈ 2231 పద్ధతి వాడండి అంది.

మన ఊరి పేరుతోనే చూపిస్తా. బరంపురం. యూనికోడ్ లెక్కలో బ, ర, సున్న, ప, కొమ్ము, ర, సున్న, మొత్తం 7. యూటీఎఫ్-8లో 21 బైట్లు. 2047 వేషం కడితే 40 అక్షరాలు. నక్షత్రం వేషం కడితే పర్సెంట్ గుర్తులతో కలిపి 63, ముందున్న యూటీఎఫ్-8 చీటీతో 70. ఏడు అక్షరాల ఊరు డెబ్భై అయ్యింది. అదయినా పని జరిగితే సరే అనుకోవచ్చు, జరగలేదు, ఎందుకంటే బ్రౌజర్లు ఈ రెండింటినీ పట్టించుకోనే లేదు. పేజీ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉంటే ఆ ఎన్‌కోడింగ్‌లో పేరుని బైట్లుగా మార్చి, రెండు కొట్‌ల మధ్య అలాగే పెట్టేసి పంపేశాయి. హెచ్‌టీటీపీకి ఎనిమిది బిట్ల బైట్లంటే భయం లేదు, అది ఈమెయిల్ కాదు. నా లెక్కలో బ్రౌజర్లు చేసిందే కరెక్టు. చివరికి కాగితం కూడా అక్కడికే వచ్చింది: 2015 జులైలో మసింటరే మళ్లీ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 7578, ఫామ్-డేటాలో నక్షత్రం పెట్టిన ఫైల్‌నేమ్ వాడనే కూడదని స్పష్టంగా చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత అన్నమాట.

ఈ ఇరవై ఏళ్లలో కట్టిన లైబ్రరీలు మాత్రం మన నెత్తిన మిగిలాయి, ఒక్కోటి ఒక్కో కాలంలో ఆగిపోయింది.

పైథాన్‌లో సర్వర్‌కి రిక్వెస్టులు పంపడానికి రిక్వెస్ట్స్ అనే లైబ్రరీ వాడతారు కదా, దాని కింద యూఆర్ఎల్‌లిబ్3 ఉంటుంది. అది 2019లో 1.25 వెర్షన్ వచ్చేదాకా, పేరులో ఆస్కీ కాని అక్షరం ఒక్కటున్నా నక్షత్రం పద్ధతిలోనే పంపేది. అవతల సర్వర్‌కి నక్షత్రం అర్థం కాకపోతే ఫైల్‌నేమ్ అన్నదే లేదనుకుని, ఇది ఫైలు కాదు, మామూలు టెక్స్ట్ ఫీల్డ్ అనేసుకుంటుంది. ఇంగ్లీషు పేరుతో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తెలుగు పేరుతో "ఫైలు జతచేయలేదు" అంటుంది. ఎర్రర్ మెసేజ్ చూసి ఎవడైనా ఎన్‌కోడింగ్ గురించి ఆలోచిస్తాడా చెప్పండి.

జావాలో ఇదే పనికి అపాచీ హెచ్‌టీటీపీ క్లయింట్ ఉంది. దాని మల్టీపార్ట్ బిల్డర్‌కి ఏమీ చెప్పకపోతే స్ట్రిక్ట్ మోడ్, అంటే హెడర్లు ఆస్కీలోనే. తెలుగు అంతా ప్రశ్నార్థకాలు. మోడ్ మార్చి, చార్‌సెట్ యూటీఎఫ్-8 అని చెప్తే సరిపోతుంది. అవతల సర్వర్ కూడా జావా అయితే అక్కడ ఇంకో గొయ్యి: సర్వ్‌లెట్ ప్రమాణంలో రిక్వెస్ట్ ఎన్‌కోడింగ్ ఎవరూ చెప్పకపోతే ఐఎస్ఓ-8859-1 అనుకోమని ఉంది, అంటే మన లాటిన్-1. పారామీటర్లు చదవడానికి ముందే సెట్ క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ పిలవాలి, తర్వాత పిలిస్తే దండగ.

నోడ్, అంటే సర్వర్ మీద జావాస్క్రిప్ట్, వాడేవాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామంది ఉన్నారు. అయితే అప్‌లోడ్‌లు అందుకోడానికి మల్టర్ వాడుతూ ఉంటారు. మల్టర్ కింద బస్‌బాయ్ ఉంటుంది, దాని 1.0 తర్వాతి వెర్షన్లు ఫైల్‌నేమ్‌ని వేరే ఏమీ చెప్పకపోతే లాటిన్-1గా చదువుతాయి. అందుకే మల్టర్ 1.4.5 ఎల్‌టీఎస్‌కి మారిన రోజు నుంచి తెలుగు పేర్లన్నీ డిగ్రీ గుర్తులయిపోయాయి. డెఫ్‌పారామ్‌చార్‌సెట్ అని ఒక ఆప్షన్ ఉంది, బస్‌బాయ్‌ని నేరుగా వాడితే దానికి యూటీఎఫ్-8 అని ఇస్తే చాలు. ఆ 1.4.5 మల్టర్‌తోనే ఉండాలంటే వచ్చిన పేరుని లాటిన్-1 బైట్లుగా వెనక్కి మార్చి, ఆ బైట్లని యూటీఎఫ్-8గా చదవాలి. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా ఈ ఒక్క లైను జవాబే దొరుకుతుంది, పనిచేస్తుంది కూడా. కానీ ఏదైనా పాత క్లయింటు నక్షత్రంతో పంపితే బస్‌బాయ్ దాన్ని సరిగ్గానే చదివేస్తుంది, అప్పుడు మీ ఒక్క లైను మంచి తెలుగుని పట్టుకుని చెడగొడుతుంది. కాబట్టి మార్చే ముందు, పేరులో ఉన్న ప్రతి అక్షరం 255 లోపే ఉందా అని చూడండి. ఒక్కటి దాటినా అది ఇప్పటికే సరిగ్గా ఉన్నట్టు, ముట్టుకోకండి.

ఇక్కడ ఒక సూక్ష్మం. లాటిన్-1 వేరు, విండోస్ వాళ్ల సొంత పద్ధతి విండోస్-1252 వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, దాదాపు ఒకటే కూడా. కానీ 1252లో అయిదు బైట్లకి అర్థమే ఇవ్వలేదు: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. ఇప్పుడు తెలుగుతో కలిపి చూడండి. కొమ్ము, అంటే ఉకారపు గుర్తు, ఈ0 బీ1 81. పొల్లు ఈ0 బీ1 8డీ. ఏ అక్షరం 8ఎఫ్‌తో ముగుస్తుంది, ఐ అక్షరం 90తో, ఝ 9డీతో. పోయే అయిదింటిలో రెండు, తెలుగులో వాక్యానికి పది సార్లు వచ్చే కొమ్ము, పొల్లు! వత్తు రాయాలంటే పొల్లు లేకుండా కుదరదు కదా. శ్రీకాకుళం అనే పేరుని ఎవరైనా 1252గా చదివి, అర్థం లేని బైటుని పారేసి దాచుకుంటే, శ్రీలో పొల్లు ఉండాల్సిన చోట ఒక నల్ల వజ్రం, కు దగ్గర ఇంకో నల్ల వజ్రం, మిగతాదంతా బాగానే వెనక్కి వస్తుంది. అచ్చమైన లాటిన్-1గా చదివి ఉంటే ఒక్క బైటూ పోదు. అందుకే బాగుచేసేటప్పుడు కోడ్‌లో ఏ పేరు రాశారో కళ్లు పెట్టి చూడండి, ఆ చిన్న తేడాకి కొమ్ములూ పొల్లులూ పోతాయి.

బ్రౌజర్ వైపు కూడా ఒక మాట. పేజీ యూటీఎఫ్-8 కాకపోతే, ఉదాహరణకి ఎప్పుడో కట్టిన ఆఫీసు పేజీ 1252లో ఉంటే, ఆ ఎన్‌కోడింగ్‌లో తెలుగు పట్టదు. అప్పుడు బ్రౌజర్ ఏం చేస్తుందంటే క బదులు ఆంపర్‌సాండ్, హ్యాష్, 3093, సెమీకోలన్ అని పంపుతుంది. అలాంటివి డేటాబేస్‌లో కనిపిస్తే 3072 నుంచి 3199 దాకా తెలుగు, 2816 నుంచి 2943 దాకా ఒరియా. సర్వర్‌ని తిట్టకండి, పేజీలో మెటా చార్‌సెట్ చూసుకోండి. అలాగే జావాస్క్రిప్ట్‌లో ఫెచ్‌తో ఫామ్‌డేటా పంపేవాళ్లు కంటెంట్-టైప్ హెడర్ చేత్తో రాయకండి. రాస్తే బౌండరీ పోతుంది, సర్వర్‌కి ముక్కలు ఎక్కడ తెగుతాయో తెలీదు. ఆ హెడర్ బ్రౌజర్‌నే పెట్టుకోనివ్వండి.

పేరులో డబుల్ కొట్ గుర్తు ఉంటే? విండోస్ అలాంటి పేరు ఒప్పుకోదు, లైనక్స్, మ్యాక్ ఒప్పుకుంటాయి. కొత్త లైను కూడా ఒప్పుకుంటాయి, అదీ ఇంకా ప్రమాదం, హెడర్ మధ్యలో కొత్త లైను వస్తే దుర్మార్గుడెవడైనా ఇంకో హెడర్ దూర్చేయొచ్చు. ఇదివరకు బ్రౌజర్‌కో పద్ధతి ఉండేది. 2021లో హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఒకటే మాట చెప్పింది: కొట్‌కి పర్సెంట్ 22, కొత్త లైనుకి పర్సెంట్ 0ఏ, క్యారేజ్ రిటర్న్‌కి పర్సెంట్ 0డీ, అంతే, ఇంకేదీ మార్చొద్దు. కమాండ్ లైన్‌లోంచి రిక్వెస్టులు పంపే కర్ల్ కూడా 2022 జనవరిలో వచ్చిన 7.81.0 నుంచి ఇదే దారి పట్టింది. ఇందులో తమాషా ఏంటంటే పర్సెంట్ గుర్తుని మాత్రం మార్చరు. కాబట్టి సర్వర్‌లో "పర్సెంట్ కనిపించింది కదా, విప్పేద్దాం" అనుకోకండి. "50% సబ్సిడీ" అని పేరు పెట్టిన రైతుభరోసా ఫైలు వస్తే విప్పడంలో ప్రోగ్రామ్ బోల్తా పడుతుంది.

రైతు అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తా. ఐత్వం, అంటే రై లో ఉన్న గుర్తు, యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం దాని కింద ఇంకో ముక్క, రెండు గుర్తులుగా. తెర మీద తేడా కనపడదు. పాత మ్యాక్ డిస్కులు, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతివి, పేర్లని విడగొట్టి దాచుకునేవి. విండోస్ నుంచి వచ్చిన రైతు, ఆ మ్యాక్ నుంచి వచ్చిన రైతు కంటికి ఒకటే, పోల్చి చూస్తే వేరు. వచ్చిన పేరుని ఎన్ఎఫ్‌సీలోకి, అంటే విడిపోయిన గుర్తుల్ని కలిపేసే యూనికోడ్ రూపంలోకి, మార్చి దాచుకుంటే సరి.

ఇక అసలు చెప్పాల్సింది. ఆ పేరుతో డిస్క్ మీద ఫైలు సేవ్ చేయకండి. పేరు అనేది పంపినవాడు చెప్పుకున్న మాట, అంతకన్నా దానికి విలువ లేదు. మీరు సొంతంగా ఒక గుర్తింపు నంబరు పుట్టించి దానితో సేవ్ చేయండి, వచ్చిన పేరుని డేటాబేస్‌లో ఒక కాలమ్‌లో పెట్టండి, చూపించడానికి మాత్రమే. చాలామంది దీనికి బదులు పేరుని "శుభ్రం" చేస్తారు. పైథాన్‌లో వెర్క్‌జ్యూగ్ లైబ్రరీ ఇచ్చే సెక్యూర్ ఫైల్‌నేమ్ అనే ఫంక్షన్ ఉంది, మంచి ఉద్దేశంతో రాసిందే, ఆస్కీ కానిదంతా తీసేస్తుంది. బరంపురం.పీడీఎఫ్ ఇస్తే ఏమొస్తుంది? చుక్క కూడా లేకుండా ఒట్టి పీడీఎఫ్. తెలుగు పేరున్న ప్రతి పీడీఎఫ్‌కీ అదే పేరు, ఒరియా పేరున్నవాటికీ అదే పేరు. అన్నీ ఒకే ఫోల్డర్‌లో సేవ్ చేస్తే ఒకరి మార్కుల లిస్టు మీద ఇంకొకరిది వచ్చి కూర్చుంటుంది. ఆ ఫంక్షన్ డాక్యుమెంటేషన్‌లోనే రాసుంది, ఖాళీ పేరు కూడా రావచ్చు, జాగ్రత్త మీదే అని. ఎవరు చదువుతారు!

ఇంకొందరు సొంతంగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాస్తారు, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అనే గుర్తు పెట్టి అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉంచుదామని. పైథాన్‌లో ఆ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మన గుణింతాలని అక్షరాలుగా లెక్కపెట్టదు. శ్రీకాకుళం ఇస్తే "శరకకళ" వస్తుంది. బరంపురం "బరపర" అవుతుంది. [నవ్వులు] నవ్వుతున్నారు గానీ హాల్ టికెట్ మీద మీ ఊరు అలా అచ్చయితే తెలుస్తుంది.

పొడవు సంగతి కూడా. లైనక్స్ డిస్కుల ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఒక పేరుకి 255 బైట్లే. తెలుగులో అంటే 85 గుర్తులు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 గుర్తులు, బైట్లు కాదు, కాబట్టి అక్కడ హాయిగా పెట్టిన పేరు ఇక్కడ పట్టదు. పర్సెంట్ రూపంలో దాచుకుంటే ఇంకా ఘోరం, 28 గుర్తులకే నిండిపోతుంది. కత్తిరించాల్సి వస్తే బైట్ల లెక్కన నరకొద్దు, అక్షరం మధ్యలో తెగి మళ్లీ నల్ల వజ్రం.

డౌన్‌లోడ్ దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. సర్వర్ ఫైలు వెనక్కి ఇచ్చేటప్పుడు కంటెంట్-డిస్పొజిషన్ నిజమైన హెచ్‌టీటీపీ హెడర్, బాడీ లోపలిది కాదు. అక్కడ 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6266 ప్రకారం నక్షత్రం ఉన్న ఫైల్‌నేమే వాడాలి, పక్కన ఆస్కీలో ఒక మామూలు ఫైల్‌నేమ్ కూడా పెట్టాలి. ఎక్కించేటప్పుడు నక్షత్రం నిషేధం, దించేటప్పుడు నక్షత్రం కావాలి. ఒకే పేరున్న హెడర్, రెండు చోట్ల రెండు చట్టాలు. ఒకే ఫంక్షన్‌తో రెండు పనులూ చేయిద్దామనుకునేవాళ్లు ఇక్కడే పడతారు.

సరే, ప్రశ్నలు అడగండి. చెప్పండన్నా, ముందు మీరే.

[ప్రశ్న: నెట్ సెంటర్ నడిపే ఒకాయన. పోర్టల్ కోడ్ మా చేతిలో ఉండదు కదా, మేమేం చేయాలి?]

మీరు అంత దూరం వెళ్లక్కర్లేదన్నా. అప్‌లోడ్ చేసే ముందు ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత, ఇంతే ఉండేలా మార్చేయండి. ఖాళీలు కూడా వద్దు. ఇందులో భాషాభిమానం అడ్డు పెట్టుకోకండి, అవతల కోడ్ రాసినవాడు తెలుగు పేరుతో టెస్ట్ చేశాడన్న నమ్మకం లేనప్పుడు పాపం ఆ కస్టమర్‌ని ఎందుకు ఇరికించడం. అసలు పేరుతో ఒక కాపీ ఆయన పెన్‌డ్రైవ్‌లో అలాగే ఉండనివ్వండి.

[ప్రశ్న: ఒక విద్యార్థిని. ఎన్‌కోడింగ్ ఏదో ఊహించి చెప్పే లైబ్రరీలు ఉన్నాయి కదా సార్, అవి వాడితే?]

పేర్లకి వద్దమ్మా. అవి పని చేసేది పేజీలకి పేజీలు టెక్స్ట్ ఉన్నప్పుడు. పది అక్షరాల పేరు ఇచ్చి ఊహించమంటే ఏదో ఒకటి చెప్తాయి, అదీ ధీమాగా. దానికి బదులు వచ్చిన బైట్లని యూటీఎఫ్-8గా కఠినంగా చదివి చూడు, ఒక్క బైటు తప్పున్నా ఒప్పుకోని మోడ్‌లో. యూటీఎఫ్-8 అమరిక ఎలాంటిదంటే వేరే ఎన్‌కోడింగ్‌లో రాసింది పొరపాటున అందులో ఇమిడిపోవడం చాలా అరుదు. పాస్ అయితే అది యూటీఎఫ్-8. ఫెయిల్ అయితే ఆ పేరుని పక్కన పెట్టి, దరఖాస్తు నంబరుతో ఒక పేరు నువ్వే పెట్టేయ్. ఫైలుని మాత్రం తిప్పి పంపకు, పేరు బాగోలేదని ఎవరి అప్లికేషనూ ఆగకూడదు. ఆర్‌ఎఫ్‌సీ 7578లో అండర్‌స్కోర్ చార్‌సెట్ అండర్‌స్కోర్ అనే పేరుతో ఒక దాచిన ఫీల్డ్ గురించి కూడా ఉంది, ఫామ్‌లో అది పెడితే ఏ ఎన్‌కోడింగ్ వాడిందో బ్రౌజరే నింపి పంపుతుంది. పాత పేజీలతో తంటాలు పడేటప్పుడు పనికొస్తుంది, కొత్తవాటికి అవసరం లేదు.

[ప్రశ్న: ఒక ప్రోగ్రామర్. మా డేటాబేస్‌లో ఇప్పటికే పాడైన పేర్లు వేలల్లో ఉన్నాయి. తిరిగి వస్తాయా?]

ఎలా పాడయ్యాయన్నదాన్ని బట్టి తమ్ముడూ. ప్రశ్నార్థకాలైతే రావు, వదిలేయ్. డిగ్రీ గుర్తులైతే చాలావరకు వస్తాయి. లాటిన్-1గా చదివినదాన్ని మళ్లీ యూటీఎఫ్-8లో దాచి ఉంటారు, అందుకే మూడు బైట్లు ఉండాల్సిన అక్షరం ఆరు బైట్లు తింటూ ఉంటుంది. ఈ0 వెళ్లి సీ3 ఏ0 అవుతుంది, బీ0 వెళ్లి సీ2 బీ0 అవుతుంది. హెక్స్‌లో సీ3 ఏ0 సీ2 బీ0 అని వరసగా కనిపిస్తే అదే కేసు. మైఎస్‌క్యూఎల్‌లో ఒక అదృష్టం ఉంది: అది లాటిన్1 అని పిలిచేది నిజానికి 1252, కానీ ఇందాక చెప్పిన ఆ అయిదు బైట్లని పారేయకుండా అలాగే ఉంచుతుంది, కాబట్టి కొమ్ములూ పొల్లులూ బతికే ఉంటాయి. వేరే దారిలో 1252 తగిలి ఉంటే ఉండవు. ముందు టేబుల్‌ని కాపీ తీసుకో. ఆ కాపీ మీద, కొమ్ము, పొల్లు రెండూ ఉన్న పేర్లు కొన్ని ఏరి వాటితోనే మార్చి చూడు. తాత, మామ లాంటి పేర్లతో టెస్ట్ చేస్తే అన్నీ బాగానే వచ్చినట్టు కనిపిస్తాయి, వాటిలో ఆ రెండు గుర్తులే లేవు మరి. అవి సరిగ్గా వచ్చాకే మిగతా వేలకి పెట్టు, అది కూడా సరైన తెలుగు, ఒరియా, హిందీ అక్షరం ఒక్కటీ లేని వరసలకే.